సమారాలో నాలుగు నెలలు

రాత్రి నుంచి ఒకటే ఆలోచన. 1918 జనవరిలో రష్యా రాజ్యాంగ సభ పెట్రోగ్రాడ్‌లో కూర్చుంది ఒక్కసారే. జనం ఓట్లేసి పంపిన సభని బోల్షివిక్కులు తెల్లారేసరికి మూసేశారు. మరి ఆ సభ్యులు ఏమయ్యారు?

జూన్ 8న బోల్షివిక్కుల మీద తిరగబడ్డ చెక్ సైనికులు వోల్గా ఒడ్డున ఉన్న సమారాని పట్టుకోగానే ఐదుగురు సభ్యులు అక్కడే ప్రభుత్వం పెట్టారు. పేరు కొముచ్. వీళ్ళూ సోషలిస్టులే. ఎనిమిది గంటల పనిదినం ఉంచారు, భూమి రైతులదే అన్నారు, ఎర్రజెండానే ఎగరేశారు. ఆ జెండా చూస్తే పాత సైన్యాధికారులకి ఒళ్ళు మండేది. అటు బోల్షివిక్కులకేమో వీళ్ళు ద్రోహులు.

ఆగస్టు 7న కజాన్ నగరం వీళ్ళ చేతికొచ్చింది. అక్కడ దాచిన జార్ కాలం నాటి బంగారాన్ని స్టీమర్లకెక్కించి వోల్గా మీదుగా సమారాకి చేర్చారు. బంగారం ఉంది, సైన్యంలోకి వచ్చే మనుషులే లేరు. ఓటేసిన రైతే కొడుకుని మళ్ళీ యుద్ధానికి పంపనన్నాడు. నాకైతే ఆ రైతుది తప్పనిపించదు. జర్మనీతో యుద్ధంలో అప్పటికే ఎంత పోగొట్టుకున్నారో! కుర్రాళ్ళని బలవంతంగా పట్టుకెళ్ళడం, ఎదురుతిరిగితే కాల్చడం... అక్కడే వీళ్ళ మీద నాకు గౌరవం తగ్గింది.

అక్టోబర్ 7న సమారా బోల్షివిక్కుల చేతికి పోయింది. నవంబర్‌లో సైబీరియాలోని ఓమ్స్క్‌లో, బోల్షివిక్కుల వ్యతిరేకే అయిన అడ్మిరల్ కొల్చాక్ అధికారం లాక్కున్నాడు. డిసెంబర్‌లో రాజ్యాంగ సభ సభ్యులు కొందరిని అతని అధికారులే చంపేశారు. కొముచ్ అధ్యక్షుడు వోల్స్కీని 1937లో సోవియట్ ప్రభుత్వం కాల్చి చంపింది.