రాహేలు తల్లి దగ్గర

అప్పుడు మా పెద్దమ్మాయికి ఎనిమిదో నెల. సరిగ్గా అదే సమయంలో, 2019 ఫిబ్రవరిలో, మా చర్చి వాళ్ళతో జెరూసలేం యాత్ర. డబ్బు ముందే కట్టేశాం. వెళ్ళానే గాని మనసంతా ఇంటి దగ్గరే. మీరూ తల్లులే, వేరే చెప్పాలా?

అక్కడ ముసలివాళ్ళను చూసుకునే పనుల్లో మన గోదావరి వైపు ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. మా ఊరి అమ్మాయి ఒకతె ఓ పూట సెలవు పెట్టి, "రండక్కా, కడుపుతో ఉన్నవాళ్ళ కోసం మొక్కుకునే చోటు చూపిస్తాను" అని బస్సెక్కించింది. బెత్లెహేము దగ్గర, ఎత్తైన సిమెంటు గోడల మధ్య నుంచి వెళ్ళి బస్సు గుమ్మంలోనే ఆగింది. అదే రాహేలు సమాధి. (శనివారం మూసేస్తారు, గుర్తుంచుకోండి.)

ఆడవాళ్ళ వైపు వేరు. బట్ట కప్పిన సమాధికి తల ఆనించి, చిన్న పుస్తకాలు చదువుతూ యూదు స్త్రీలు ఏడుస్తున్నారు. సమాధి చుట్టూ ఏడుసార్లు తిప్పిన ఎర్రదారం చేతికి కట్టుకుంటారట.

తిరుగు దారిలో ఆ అమ్మాయి ఎన్నో సంగతులు చెప్పింది. గర్భిణికి వాళ్ళు "శుభాకాంక్షలు" అనరు, "మంచి ఘడియలో కావాలి" అంటారు. బిడ్డ పుట్టేదాకా ఉయ్యాల, బట్టలు ఇంటికి తేని కుటుంబాలు చాలా ఉన్నాయి. మనలాగా గాజులు తొడిగే వేడుకా లేదు. తొమ్మిదో నెలలో కొందరు భర్తలు ప్రార్థనా మందిరంలో ధర్మశాస్త్రపు చుట్టలుండే బీరువా తలుపు తెరుస్తారు, కాన్పు కూడా అంత సులువుగా కావాలని!

నాకో అనుమానం వచ్చింది. రాహేలు ఎన్నో ఏళ్ళు పిల్లల కోసం ఏడ్చింది. చివరికి రెండో కొడుకు బెన్యామీనును కంటూ దారిలోనే ప్రాణం వదిలింది. కాన్పులో పోయిన తల్లి దగ్గరకు గర్భిణులు రావడమేమిటి?

"ఆ నొప్పి ఆవిడకు తెలుసు కదక్కా, అందుకే ఆవిడకే చెప్పుకుంటారు" అంది.

నా నోట మాట రాలేదు. మా అమ్మ చెల్లెలు కాన్పులోనే పోయింది. కడుపుతో ఉన్నవాళ్ళ ముందు ఆవిడ పేరెత్తితే మా ఇంట్లో ఊరుకోరు, అశుభమని. నా రెండు కాన్పులప్పుడూ ఆ భయం నాలోనే దాచుకున్నాను. ఎవరితో అనను?

ఇంటికొచ్చాక అమ్మాయి తలకు నూనె రాస్తూ చిన్నమ్మమ్మ గురించి చెప్పాను. అది కాసేపు ఊరుకుని, "నాకూ భయంగానే ఉందమ్మా" అని నా ఒళ్ళో తల పెట్టుకుంది. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

మీ ఇంట్లోనూ అలా దాచిన పేరొకటి ఉంటే, ఆలోచించండి. మంచి ఘడియ వచ్చేలోగా పిల్లల భయం మన చెవిన పడాలి.