చక్రాల మీద ఇల్లు, కాకినాడ చలి

కాకినాడలో పుట్టి పెరిగినవాడికి చలంటే ఏంటో తెలీదు. సంక్రాంతి ముందు ఓ తెల్లవారుజామున 18, 19 డిగ్రీలకి పడిందంటే చాలు, మంకీ క్యాపులు బయటికొస్తాయి. భోగిమంట దగ్గర చేతులు చాపి "అబ్బ, ఏం చలిరా బాబూ" అనుకుంటాం. ఆ తర్వాత నేను స్థిరపడింది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఎండల్లో మన రోహిణీకార్తెని తలదన్నే ఊరు, డిసెంబర్లో హాయి. అంటే చలి సబ్జెక్టులో నా అనుభవం సున్నా అన్నమాట. ఇది ముందే ఒప్పేసుకుంటున్నాను. ఎందుకంటే 2023 డిసెంబర్లో అమ్మా నాన్నగారూ వచ్చినప్పుడు, మోటర్‌హోమ్ అద్దెకి తీసుకుని గ్రాండ్ కాన్యన్ వెళ్దామన్న మహత్తరమైన ఐడియా నాదే.

ఐడియా మరీ చెడ్డదేం కాదు. నాన్నగారికి షుగరు, గంటకోసారి బాత్రూం కావాలి. అమ్మకి బయట తిండి పడదు. బండిలోనే బాత్రూం, బండిలోనే పొయ్యి, ఇంకేం కావాలి?

ఫీనిక్స్ దాదాపు సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తులో ఉంటుంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7,000 అడుగులు. నాలుగు గంటల డ్రైవింగులో ఎండాకాలం నుంచి మంచులోకి ఎక్కుతామన్నమాట. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గరికొచ్చేసరికి ముందు సీట్లో నాకూ మా ఆవిడకీ స్వెట్టర్లు తీసేసేంత వేడి. వెనక టేబుల్ దగ్గర బెల్టులు పెట్టుకుని కూర్చున్న ముగ్గురూ దుప్పట్లలో. "ఒరేయ్, నువ్వు మే నెలలో ఉన్నావు, మేం సిమ్లాలో ఉన్నాం" అన్నారు నాన్నగారు.

కారణం చిన్నదే. ముందు హీటరు నడిచేది ఇంజన్ వేడి మీద, అది ముందు నలభై చదరపుటడుగులకి సరిపోయేది. వెనకున్న ఇంటిభాగానికి విడిగా ప్రొపేన్ గ్యాస్ మీద నడిచే ఫర్నేస్ ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు గ్యాస్ కట్టెయ్యమని అద్దెకిచ్చినవాళ్ళు చెప్పారు. పైగా కింద నేల చల్లగా గడ్డకట్టినట్టుంటుంది, దాని కింద నుంచి గాలి దూసుకుపోతుంటుంది కదా. కాళ్ళు దిండ్ల మీద పెట్టించి, రెండేసి జతల ఉన్ని సాక్సులు తొడిగించి, ఫ్లాస్కులో వేడినీళ్ళు నింపి ఒళ్ళో పెట్టాం. అదే పనికొచ్చింది. అమ్మ దాన్ని చంటిపిల్లలా పట్టుకుని కూర్చుంది.

అన్నట్టు ఇక్కడ ప్రొపేన్ ఎందుకంటే, అది మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. మన ఇళ్ళ సిలిండర్లలో ఎక్కువ భాగం ఉండే బ్యూటేన్ సున్నా దగ్గరే బద్ధకిస్తుంది.

సరే, రాత్రి. కరెంటు కనెక్షన్ ఉన్న స్థలాలన్నీ ముందే అయిపోయాయి, మాకు కరెంటు లేని క్యాంపుగ్రౌండ్‌లో దొరికింది. ఫర్నేస్ ఉంది, ట్యాంకు నిండా గ్యాస్ ఉంది, ఇంక భయమేంటి అనుకున్నాను. వేడిని లోపలికి తోసే ఫ్యాను నడిచేది బ్యాటరీ మీదన్న సంగతి మర్చిపోయాను. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడదగ్గది సగం. ఫ్యాను 7, 8 ఆంపియర్లు లాగుతుంది. ఆరేడు గంటలు. చలికి బ్యాటరీ ఇంకా నీరసిస్తుంది. ఇంజనీరునని చెప్పుకుంటూ ఈ భాగహారం చెయ్యలేదు. రాత్రి జనరేటర్ వెయ్యకూడదు, అది అక్కడి రూలు.

సాయంత్రం అమ్మ తాలింపు వేసినప్పుడు పొగ అలారం కుయ్యిమంది. అమెరికాలో ఇంట్లో ఆవాలు వేసిన ప్రతివాడికీ తెలిసిన కూత అది. తువ్వాలుతో విసిరి ఊరుకోబెట్టాం, నవ్వుకున్నాం.

తెల్లవారుజామున ఎప్పుడో మళ్ళీ కుయ్యిమంది. నేను కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి బటన్ నొక్కేశాను. ఆన్-కాల్‌లో ఉన్న ప్రతివాడికీ ఈ చెయ్యి తెలుసు. రాత్రి రెండింటికి వచ్చే అలర్టు నూటికి తొంభై సార్లు ఉత్తదే, స్నూజ్ కొట్టి పడుకుంటాం. కొన్ని నిమిషాలకి మళ్ళీ మొదలైంది. తిట్టుకుంటూ లేచేసరికి అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. రెండు బర్నర్లూ నీలంగా వెలుగుతున్నాయి, మీద నీళ్ళ గిన్నెలు.

"మూడింటికి హీటరు ఆగిపోయిందిరా. పిల్ల ముడుచుకుపోతోంది. నిన్ను లేపడమెందుకని వెలిగించాను" అంది. ఆ వెంటనే, "తల దిమ్ముగా ఉంది నాన్నా" అంది.

అప్పుడు మోగుతున్నది పొగ అలారం కాదని బుర్రకెక్కింది. తలుపు బార్లా తీసి, పొయ్యి ఆపి, మైనస్ 10లో అందర్నీ దుప్పట్లతో సహా బయట నిలబెట్టాను. పాప నిద్రమత్తులో ఏడుస్తోంది. నేను అమ్మ మీద అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను.

తర్వాత చదివాను. మూడు కూతలైతే పొగ, నాలుగైతే కార్బన్ మోనాక్సైడ్. ఆ అలారం గాల్లో పది లక్షలకి 70 పాళ్ళుంటే గంట నుంచి నాలుగ్గంటల్లోపు మోగుతుంది, 400 పాళ్ళుంటే 4 నుంచి 15 నిమిషాల్లో. అంటే మొదటిసారి మోగేసరికే ఆ గాలి మేం చాలాసేపు పీల్చాం. నేను నొక్కేసింది ఆ అలారాన్ని. ఫర్నేస్ తన పొగని గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది. పొయ్యి అంతా మన మధ్యలోనే వదుల్తుంది.

నలుగురం తేరుకున్నాక అమ్మ నెమ్మదిగా అంది, "నువ్వు పుట్టినప్పుడు పది రోజులు మంచం కింద కుంపటి పెట్టారురా, నీకూ నాకూ ఏమీ కాలేదు." నిజమే. జగన్నాథపురంలో మా అమ్మమ్మగారిది పెంకుటిల్లు. గోడకీ చూరుకీ మధ్య జానెడు సందు, పెంకుల మధ్య నుంచి వెలుగు కనబడేది. కుంపటి పొగంతా అటే పోయేది. అమ్మ నేర్చుకున్నదాంట్లో తప్పేం లేదు, ఆ ఇంటికి అది సరిగ్గా పనిచేసింది. 'నా మెషీన్‌లో బాగానే నడిచిందండీ' అని మనం అనమూ? :) పెంకుల సందు ఓ డిపెండెన్సీ అని ఎవరికీ తెలీదు, ఎక్కడా రాసిలేదు.

తెల్లారాక ఇంకో సంగతి బయటపడింది. వంటగది మీద గాలి పోయే వెంట్‌లో రెండు తువ్వాళ్ళు కుక్కి ఉన్నాయి. నాన్నగారి పని. "పాప మీదకి చల్లగాలి దిగుతోందని..." అని ఆగిపోయారు. ఆయన మీద అరవలేదు. అప్పటికి అరవడానికి ఓపిక కూడా లేదు.

ఆ రోజు ఎవరో క్యాన్సిల్ చేసుకుంటే కరెంటున్న స్థలం దొరికింది. 1500 వాట్ల చిన్న హీటరు కొని పెట్టాం. ముందద్దం దగ్గర మందపాటి దుప్పటి తెరలా కట్టాం, చలంతా వచ్చేది ఆ పెద్ద అద్దంలోంచే. వెంట్ మాత్రం రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచాను. గాలి ఆడకపోతే మన ఊపిరి తడే అద్దాల లోపల మంచు పేరుకుంటుంది కూడా. రాత్రి అమ్మ రెండుసార్లు లేచి ఆ సందు వైపు చూసి పడుకుంది.

ఇప్పుడు వాళ్ళుంటున్నది కాకినాడలో అపార్ట్‌మెంట్‌లో. బాత్రూంలో గ్యాస్ గీజరు, దోమలొస్తున్నాయని వెంటిలేటరుకి ప్లాస్టిక్ షీటు. మొన్న వీడియో కాల్‌లో కనబడింది. షీటు తియ్యమన్నాను, గీజరు బాత్రూం బయటికి మార్పించమన్నాను. ఇక్కడి నుంచి పంపిన అలారం ఎక్కడ పెట్టారని అడిగాను. హాల్లో, టీవీ పక్కన మేకుకి తగిలించారట, వచ్చినవాళ్ళందరికీ కనబడుతుందని.