జాగిలానికే పరీక్ష!

మొదట చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. వేళ్లు మాట వినవు. కొన్నాళ్లకు చేతిలోని గ్లాసు జారిపోతుంది. మెట్లెక్కుతుంటే కాలు తడబడుతుంది. మాట ముద్దముద్దగా వస్తుంది. చివరికి మింగడానికీ, ఊపిరి తీసుకోవడానికీ కూడా కండరాలు సహకరించవు. మనిషి మాత్రం చాలావరకు అన్నీ తెలుస్తూనే మంచానికి అతుక్కుపోతాడు.

ఆ జబ్బు పేరు ఏఎల్ఎస్. కండరాల్ని కదిలించే నాడీకణాలు క్రమంగా చచ్చిపోవడం వల్ల వస్తుంది. స్టీఫెన్ హాకింగ్‌ని చక్రాల కుర్చీకి పరిమితం చేసింది ఇదే.

'ఎందుకొచ్చింది డాక్టర్?' అని అడిగితే చాలామంది విషయంలో ఇప్పటికీ సూటిగా జవాబు లేదు. కానీ 2011లో ఓ గట్టి ఆధారం దొరికింది. మన తొమ్మిదో క్రోమోజోము మీద ఉన్న ఓ జన్యువులో ఆరక్షరాల ముక్క ఒకటి పదేపదే వస్తుంటుంది. ఆరోగ్యవంతుల్లో అది సాధారణంగా 30 సార్లకు మించదు. కొందరు రోగుల్లో మాత్రం వందలు, వేలసార్లు కనిపించింది! ఐరోపా మూలాలున్నవారిలో ఏఎల్ఎస్‌కి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జన్యుకారణం ఇదేనని తేలింది. ఆ జన్యువు పేరు సీ9ఓఆర్ఎఫ్72. నోరు తిరగని పేరే. కానీ ఎన్నో కుటుంబాల ఆశలు దానిచుట్టూ అల్లుకున్నాయి.

జన్యువు దొరికింది సరే... అది తయారుచేసే ప్రొటీన్ చేసే పనేమిటి? అది తెలిస్తేనే కదా మందు సంగతి!

సంచుల రవాణా

మన ఒంట్లో ప్రతి కణమూ ఓ ఊరు లాంటిది. అక్కడ సరుకులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. కణంలోని పొరల నుంచి చిన్న చిన్న సంచులు విడిపోయి, సరుకు నింపుకుని, చేరాల్సిన చోటికి చేరి అక్కడి పొరలో కలిసిపోతాయి. దీన్నే 'మెంబ్రేన్ ట్రాఫికింగ్' అంటారు. ఈ రవాణా గుట్టు విప్పినందుకే జేమ్స్ రోత్‌మన్, రాండీ షెక్‌మన్, థామస్ సూడాఫ్‌లకు 2013లో నోబెల్ వచ్చింది. సీ9ఓఆర్ఎఫ్72 ప్రొటీన్ కూడా ఈ రవాణా వ్యవస్థలో పనిచేసేదే.

అయితే, ఆ ప్రొటీన్ కంటికి కనిపించదు. మామూలు సూక్ష్మదర్శినిలోనూ కనిపించదు. దాన్ని పట్టివ్వడానికి శాస్త్రవేత్తలు వాడే జాగిలమే యాంటీబాడీ. దొంగ రుమాలు వాసన చూపించి పోలీసు జాగిలాన్ని వదిలినట్లే ఉంటుందీ పద్ధతి. ప్రొటీన్ ముక్కను కుందేలుకో, ఎలుకకో ఎక్కిస్తే దాని ఒంట్లో ఆ ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. వాటికి రంగుతో వెలిగే పదార్థాన్ని తగిలించి కణాల మీద వేస్తే, వెలిగిన చోటల్లా ఆ ప్రొటీన్ ఉన్నట్లు లెక్క. ఇప్పుడు వాటిని చిన్న చిన్న సీసాల్లో కంపెనీలే అమ్ముతున్నాయి. ఒక్కో సీసా ఖరీదు వందల డాలర్లు.

కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన న్యూరో సంస్థలో పీటర్ మెక్‌ఫెర్సన్ ప్రయోగశాల ఉంది. కణాల్లోని రవాణా మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధిస్తున్న చోటది. అక్కడ పనిచేసే కార్ల్ లాఫ్లామ్‌కి ఈ ప్రొటీన్ కణంలో ఎక్కడుంటుందో తెలుసుకోవాలనిపించింది. అప్పటికే వచ్చిన పరిశోధన పత్రాలు తిరగేస్తే తలో చోటూ చెబుతున్నాయి. 'తప్పు ప్రొటీన్‌ది కాదేమో... జాగిలానిదేమో!' అన్న అనుమానం వచ్చింది.

దొంగ లేని ఇల్లు

జాగిలాన్ని పరీక్షించడమెలా? ఉపాయం చాలా తేలిక. దొంగ లేడని కచ్చితంగా తెలిసిన ఇంటికి తీసుకెళ్లాలి. అక్కడా మొరిగిందంటే దాన్ని నమ్మలేం.

లాఫ్లామ్ బృందం చేసింది అదే. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కొన్ని కణాల్లో సీ9ఓఆర్ఎఫ్72 జన్యువును పనిచేయకుండా చేసింది. ఇక ఆ కణాల్లో ఆ ప్రొటీన్ ఉండదు. మార్కెట్లో దొరికే 16 యాంటీబాడీలను తెప్పించి మామూలు కణాల మీదా, ఈ కణాల మీదా పక్కపక్కనే పరీక్షించింది. ఫలితాలు 2019లో 'ఈలైఫ్' పత్రికలో వచ్చాయి. చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు. నలుగురూ పదేపదే ఉదహరించే పరిశోధనల్లో వాడిన కొన్ని యాంటీబాడీలు అసలా ప్రొటీన్‌ని గుర్తుపట్టనే లేదు! సీసా మీద పేరొకటి, లోపలి సరుకు చేసే పని ఇంకొకటి. మరి వాటిని నమ్ముకుని రాసిన మాటల సంగతేమిటి? ఏళ్ల తరబడి కుర్రాళ్లు పడ్డ శ్రమ? జబ్బుతో ఉన్నవాళ్లకు ఏళ్లంటే మాటలా?

అదృష్టం కొద్దీ పరీక్షకు నిలిచినవీ ఉన్నాయి. వాటితో వెతికితే ప్రొటీన్ చిరునామా దొరికింది. కణం మింగిన వాటినీ, చెత్తనీ జీర్ణం చేసే ఫాగోజోములు, లైసోజోముల దగ్గర అది ఉందని తేలింది.

ఆ ఒక్క ప్రొటీన్‌తో ఊరుకుంటే కథ అక్కడితో ముగిసేది. కానీ వాళ్లు ఊరుకోలేదు. 'ఐకరస్' పేరుతో ఓ ఉమ్మడి ప్రయత్నం మొదలుపెట్టారు. విచిత్రమేమిటంటే యాంటీబాడీలు అమ్మే కంపెనీలే తమ సరుకును పరీక్షకు ఉచితంగా ఇచ్చాయి. ఫలితం మంచైనా చెడైనా అందరికీ కనిపించేలా పెట్టాలన్నది షరతు. 2023లో 65 ప్రొటీన్లకు సంబంధించిన 614 యాంటీబాడీల లెక్క బయటపెట్టారు. సగానికి పైగా ఏదో ఒక పరీక్షలో తప్పాయి. కంపెనీలు ఎదురుతిరగలేదు. తప్పిన వాటిలో ఇంచుమించు 20 శాతాన్ని అమ్మకం నుంచే తీసేశాయి. మరో 40 శాతానికి వాడే తీరు గురించిన సూచనలు మార్చుకున్నాయి. అలాగని అంతా నాసిరకమే కాదు. పరీక్షను బట్టి సగం నుంచి ముప్పావు వంతు ప్రొటీన్లకు కనీసం ఒక మంచి యాంటీబాడీ మార్కెట్లో ఉందనీ తేలింది. ఏది మంచిదో చెప్పేవాళ్లే ఇన్నాళ్లూ కరువయ్యారు.

ఏఎల్ఎస్‌ని నయం చేసే మందు ఇంకా రాలేదు. లాఫ్లామ్ బృందం కనిపెట్టింది కూడా మందు కాదు. మందు కోసం వెతికేవాళ్లు దారి తప్పకుండా చూసే పని వాళ్లది. ఇలాంటి పనికి నోబెల్‌లూ, పూలదండలూ రాకపోవచ్చు. కానీ కాసు బంగారం కొనేటప్పుడు కూడా మనం గీటురాయి మీద గీసి చూడమంటాం. ప్రాణాలతో ముడిపడిన చోట ఆ మాత్రం గీసి చూసేవాడు ఒక్కడైనా ఉండొద్దూ!