బొర్రా ప్రయాణం: అడగనివారి వాటా

ఏ ఊరికి ప్రయాణమైనా, ఆ ఊరిని గురించి ముందుగా ఏదో ఒకటి చదివి బయలుదేరడం నాకు చిన్ననాటి అలవాటు. మొన్న ఆపాను, ఆమె పిల్లలను వెంటబెట్టుకొని బొర్రా గుహలు చూసి రావాలనుకున్నప్పుడు కూడా రెండు చదివాను. ఒకటి, జుమా రోజున పారాయణం చేసే కహఫ్ సూరా, దాని తెలుగు భావం. కహఫ్ అంటేనే గుహ కదా! రెండవది, 1997 జూలై 11న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు. 'సమత' తీర్పుగా దానికి పేరు. బొర్రా పేరు అందులో ఉన్నదని ఒక మిత్రుడు చెప్పగా తెప్పించుకొని చదివాను.

నా సంచిలో మరొక కాగితం కూడా ఉన్నది. అది హక్కు విడుదల దస్తావేజు ముసాయిదా. విశాఖపట్నం పాత నగరంలో మా నాన్నగారు కట్టిన ఇల్లు ఒకటి ఉన్నది. ఆ స్థలంలో అపార్ట్‌మెంటు కడతామని ఒకరు ముందుకు వచ్చారు. ఒప్పందం కుదరాలంటే ఆపా తన హక్కు వదులుకొంటున్నట్లు సంతకం చేయాలన్నారు. అమ్మీ, నాన్న ఇద్దరూ అల్లాహ్ సన్నిధికి చేరి చాలా కాలమైంది. ఇన్నేళ్ళలో ఆపా తన వాటా ఊసు ఎత్తలేదు. విహారయాత్రలో మనసు తేలికపడి ఉన్న వేళ సంతకం అడగవచ్చునని నా ఆలోచన. ఆ ఆలోచనలో తప్పు ఉన్నదని అప్పటికి నాకు తోచలేదు.

తెల్లవారుజామున ఫజ్ర్ ముగించుకొని కిరండూల్ రైలు ఎక్కాము. కొత్తవలస, శృంగవరపుకోట దాటేవరకు మామూలు ప్రయాణమే. బొడ్డవర తరువాత కొండ మొదలవుతుంది. అక్కడినుంచి సొరంగం వెంట సొరంగం. చీకటి పడినప్పుడల్లా పిల్లలు కేకలు వేశారు, వెలుగు రాగానే కిటికీ దగ్గర చోటు కోసం పోట్లాడుకున్నారు. ఈ దారిని 1960 దశకంలో వేశారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుంచి జపానుకు చేర్చడం దీని అసలు ఉద్దేశం. మా మేడ మీద పడుకుంటే రాత్రివేళ వినవచ్చే గూడ్సు బండ్ల చప్పుడు ఈ కొండల మీదుగా వచ్చేదేనని పిల్లలకు చెప్పాను. నగరంలో కూర్చొని మనం వినే చప్పుడు ఎవరి కొండలోనో మొదలవుతుంది.

త్యాడ, చిమిడిపల్లి దాటి బొర్రా గుహల స్టేషన్లో దిగాము. గుహల దారి పొడుగునా చిన్న చిన్న దుకాణాలు. వెదురు బొంగులో మాంసం కూరి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్ వాసన ఘుమఘుమలాడుతున్నది. జబహ్ ఎలా చేశారో తెలియదు గనుక పిల్లలను బుజ్జగించి మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టాము. పొత్తులు కాల్చే గిరిజన స్త్రీ మా ఇబ్బందిని గ్రహించింది కాబోలు. పక్క పొయ్యి ఇనుప జాలీని వాడకుండా, వేరే నిప్పులు లాగి కాల్చి ఇచ్చింది. మేము అడగలేదు. ఆమే ఆలోచించింది.

గుహ ముఖద్వారం ఒక పెద్ద మసీదు ముందరి కమాను కంటే విశాలంగా ఉన్నది. మెట్లు దిగుతుంటే చల్లదనం ఒంటిని తాకింది. పైన ఎక్కడో గబ్బిలాల కిచకిచలు. కప్పులో పడిన ఒక రంధ్రం గుండా సూర్యకాంతి నేరుగా నేలకు దిగుతున్నది. పైనుంచి మర్రి ఊడల వలె వేలాడే రాళ్ళు, వాటికి ఎదురుగా నేలనుంచి పైకి లేచే రాళ్ళు, కొన్నిచోట్ల రెండూ కలిసి స్తంభాలైనవి. మార్గదర్శి టార్చిలైటు వేసి ఇది మొసలి, ఇది పుట్టగొడుగు, ఇది తల్లీబిడ్డ అని చూపిస్తూ పోయాడు. స్థానికులు పూజించే చోటు కూడా లోపల ఉన్నది. వారి దారికి అడ్డు రాకుండా ఒక పక్కకు తొలిగి నడిచాము.

ఈ రాళ్ళను మలిచినది ఉలి కాదు, నీరు. అడవి మట్టిలోనుంచి ఇంకే వాననీరు దారిలో బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా ఆమ్లమవుతుంది. అది సున్నపురాయిని కరిగించుకొంటూ దిగి, గుహ కప్పుకు చేరి, బొట్టుగా వేలాడుతుంది. అక్కడ ఆ వాయువు విడిపోగా, కరిగిన సున్నం పిసరంత రాయికి అంటుకొని మిగిలిపోతుంది. ఇలాంటి ఊడ సాధారణంగా ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. మన ఎత్తు ఊడకు ఎన్ని వేల ఏళ్ళు పట్టి ఉంటాయో లెక్క వేసుకోవచ్చు. రాయి వంటి హృదయాలను గురించి చెబుతూ దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో, రాళ్ళలో సైతం నదులు పెల్లుబికేవి, పగిలి నీరు చిమ్మేవి ఉన్నాయని గుర్తుచేస్తుంది. గోస్తనీ నది ఈ గుహల గుండానే పారుతుంది. దాని మీద కట్టిన తాటిపూడి జలాశయం నీరు విశాఖ నగరానికి వస్తుంది. ఆపా చేయి చాపి ఒక బొట్టును అరచేతిలో పట్టుకొని, "సుబ్హానల్లాహ్, మన కుళాయిలో నీళ్ళు ఇక్కడివా!" అన్నది.

బయటికి వచ్చి, వుజూ చేసుకొని, ప్రయాణికులం గనుక జుహ్ర్‌ను రెండు రకాతులుగా ముగించాము. తరువాత చెట్టు నీడన కూర్చున్నప్పుడు సంచిలోని తీర్పు గుర్తుకు వచ్చింది.

ఎదుట కనబడే కొండలే ఆ వ్యాజ్యానికి మూలం. అనంతగిరి మండలంలోని బొర్రా అటవీ ప్రాంతం, దాని పరిసరాల్లోని 14 గ్రామాలు రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందికి వస్తాయి. అక్కడి ఖనిజాలు తవ్వుకొనేందుకు ప్రభుత్వం గిరిజనేతర సంస్థలకు లీజులు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయిస్తే అది చెల్లదని 1959 నాటి నిబంధన, 1970 నాటి సవరణ చెబుతున్నాయి. అయితే ఆ నిషేధం వ్యక్తులకే గాని ప్రభుత్వానికి వర్తించదని వాదన వచ్చింది. హైకోర్టులో ఓడిన సమత సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో వ్యక్తియే, దానికీ ఆ హద్దు వర్తిస్తుందని జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ తేల్చిచెప్పారు. మూడవ న్యాయమూర్తి జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు.

నన్ను ఆపివేసిన విషయం మరొకటి. ఈ చట్టం కింద గిరిజనుడు తన వేలిముద్ర తానే వేసి ఇచ్చినా ఆ బదలాయింపు చెల్లదు. ఎందుకు? కొండవాని సంతకం వెనుక అప్పు ఉంటుంది, భయం ఉంటుంది, చదవలేని కాగితం ఉంటుంది. షావుకార్ల చేతిలో భూములు పోతున్నాయని గ్రహించి 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదలాయింపుపై ఒక చట్టం చేసింది. బలహీనుడు 'సరే' అన్నంత మాత్రాన బలవంతుని చేతులు శుభ్రపడవన్నది వీటన్నింటి సారాంశం.

నా ఆలోచన కహఫ్ సూరా వైపు మళ్ళింది. గుహవాసుల గాథతో పేరు పొందిన ఆ సూరాలోనే మూసా (అలైహిస్సలాం) ఒక జ్ఞానితో చేసిన ప్రయాణం ఉన్నది. ఒక ఊరివారు వారికి అన్నం పెట్టడానికి నిరాకరించారు. అయినా ఆ ఊరిలో కూలిపోబోతున్న గోడను ఆ జ్ఞాని ఏ కూలీ పుచ్చుకోకుండా నిలబెట్టాడు. ఆ గోడ ఇద్దరు అనాథ పిల్లలది. దాని కింద వారి నిధి ఉన్నది. వారు పెద్దవారై తీసుకొనేవరకు అది భద్రంగా ఉండాలన్నది ప్రభువు సంకల్పం. ఆ పిల్లలు ఎవరినీ అడగలేదు. అడగడానికి వారికి తమ హక్కే తెలియదు. అల్లాహ్ వారి తరఫున గోడ నిలబెట్టించాడు. నేను మాత్రం మా నాన్నగారి గోడను పడగొట్టి, దాని కింద ఉన్న ఆపా వాటాను కాగితంతో కప్పివేయబోతున్నాను.

తల్లిదండ్రులు వదలిన ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో స్త్రీలకు వాటా ఉన్నదని, అది నిర్ణయించబడిన వాటా అని నిసా సూరా విధించింది. ఇద్దరు అన్నదమ్ములం, ఒక అక్క. ఐదు భాగాలలో మాకు రెండేసి, ఆమెకు ఒకటి. లెక్క అంత సులువు. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ప్రళయ దినాన ఏడు భూములు చుట్టబడతాయని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఆ హదీసును నేనే ఎన్నోసార్లు ఇతరులకు వినిపించాను.

తిరుగు ప్రయాణంలో పిల్లలు నిద్రపోయాక సంచిలోని కాగితం ఆపా చేతికిచ్చి, అది ఎందుకు తెచ్చానో ఉన్నదున్నట్లు చెప్పాను. ఆమె చాలాసేపు కిటికీలోనుంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు ఆపా?" అన్నాను.

"అడిగితే పుట్టిల్లు ఉండదు భయ్యా," అన్నది. "వాటా ముఖ్యమా, ఈద్ నాడు వచ్చి కూర్చునే గుమ్మం ముఖ్యమా అని ఆలోచించుకొని ఊరుకున్నాను."

ఆమె మౌనాన్ని మేము ఉదారత అనుకున్నాము. అది భయం. మన ఇళ్ళలో ఎందరో అక్కచెల్లెళ్ళు ఇదే బేరం చేసుకొని, మూసిన పెదవులతో పుట్టింటికి వచ్చి పోతున్నారు. వాటా చేతికి అందిన తరువాత, ఏ ఒత్తిడీ లేకుండా, మనస్ఫూర్తిగా ఆమె ఇచ్చివేస్తే అది కానుక. అందకముందే రాయించుకొంటే దానికి వేరే పేరు ఉన్నది.

ఇంటికి చేరిన వారానికి తమ్ముడితో కూర్చున్నాను. పెళ్ళికి ఖర్చు పెట్టాము కదా అని అతడు మొదట అన్నాడు. ఆ ఖర్చు నాన్నగారు బ్రతికి ఉండగా పెట్టినది, వారసత్వపు లెక్కలోకి రాదు అని నచ్చజెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు ఒప్పందంలో మూడు పేర్లు ఉన్నాయి. ఐదవ వంతు ఆపా పేరిట రాసి ఉన్నది. మొన్న ఆదివారం ఆమె వచ్చి, ఎప్పటిలాగానే అదే గుమ్మంలో కూర్చొని పాలకూర ఏరింది.

మీరు కూడా వీలు చూసుకొని బొర్రాకు వెళ్ళి రండి. వెళ్ళేముందు ఇంట్లో బీరువా తెరిచి, పెద్దలు వదలిన కాగితాలు ఒకసారి చూడండి. ఎవరి వాటా అడగకుండా ఉండిపోయిందో అందులో తెలుస్తుంది.