ఫోనుకు చెప్పుకున్నది, డాక్టరుకు చెప్పనిది

పిక్క వాచి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో వచ్చిన ఆ పేషెంటుకు ఇరవై దాటి ఎన్నాళ్లో కాలేదు. ఊరు గుడివాడ వైపు. చీటీ మీద మగ పేరు. డాప్లర్ చేయిస్తే కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. ఆ వయసుకు రావలసిన జబ్బు కాదది. వెంట వచ్చిన అన్నను బయట కూర్చోమని, ‘నిన్ను ఏమని పిలవమంటావు?’ అని అడిగాను. కాసేపాగి ఒక ఆడపేరు చెప్పింది. తర్వాత ఫోను తీసి చూపించింది.

గర్భనిరోధక మాత్రలు రోజుకు నాలుగైదు మింగితే ఒంట్లో ఆడతనం వస్తుందని ఒక గ్రూపులో ఎవరో రాశారు. నెలల తరబడి అదే చేసింది. ఆ మాత్రల్లోని ఇథినైల్ ఎస్ట్రడయాల్ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది. అందుకే హార్మోన్ చికిత్సలో దాన్ని వాడం. ఎస్ట్రడయాల్ ఇస్తాం. అదీ రక్తపరీక్షలు చేయిస్తూ, మోతాదు చూసుకుంటూ.

అదే ఫోనులో ఇంకోటీ ఉంది. చిన్నప్పటి నుంచి తనలో తాను పడ్డ నలుగుబాటంతా తెలుగులో రాసుకుంది. తనలాంటి వాళ్లు కింద ‘నాకూ ఇంతే అక్కా’ అని రాశారు. అంత నిజాయితీగల కేసు హిస్టరీ నేను ఆసుపత్రి కాగితాల్లో చూడలేదు.

కానూరులో ఇంజనీరింగ్ చదివే మరొకరు నిద్ర పట్టడం లేదని వచ్చారు. తను అమ్మాయీ కాదు, అబ్బాయీ కాదు అని మారుపేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో రాసుకునేవారు. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ‘మందిచ్చి మార్చండి డాక్టరుగారూ’ అని తల్లి ఏడ్చింది. అలాంటి మందు లేదమ్మా అని చెప్పాను. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక లింగ గుర్తింపు ఇలా వేరుగా ఉండటాన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది. మార్చేస్తామంటూ చేసే ‘చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ అదే ఏడాది ప్రకటించింది. బిడ్డకు కావలసింది నిద్ర, భద్రత, మీ అండ అన్నాను.

తన లింగ గుర్తింపును తానే చెప్పుకునే హక్కు మనిషికుందని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ట్రాన్స్ మహిళ మహిళేనని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. ఓపీ గదిలో ఆ మాట ఇంకా వినపడటం లేదు. అందుకే వీళ్లు ఫోనునే ఆసరా చేసుకుంటున్నారు. అక్కడ దొరికిన స్నేహాన్ని నేను గౌరవిస్తాను. అక్కడ దొరికిన మోతాదును మాత్రం సరిదిద్దాలి. మొదటిది చేయనిదే రెండోది సాధ్యం కాదు, ఎందుకంటే తనను నమ్మని డాక్టరుకు ఎవరూ మాత్రల సంగతి చెప్పరు.

తోటి వైద్యులకు నా మనవి ఒక్కటే. ఏమని పిలవాలో అడగండి. ఏం వాడుతున్నారో అడగండి. ఎవరు చెబితే వాడుతున్నారో అడగండి. కోప్పడకుండా అడిగితే, గడ్డ కట్టకముందే వాళ్లు మన దగ్గరికి వస్తారు.