అంతా ‘గా’ మహిమ

రండి, కూర్చోండి. ఇవాళ కాసేపు ఇంగ్లీషు గ్రామర్ కబుర్లు. అయ్యో, అప్పుడే లేవకండి! నౌన్ అంటే ఏమిటి, అడ్జెక్టివ్ అంటే ఏమిటి అని నిర్వచనాలు అప్పజెప్పమనను. అవన్నీ బడిలో మీరూ బట్టీ పట్టినవే. అయినా పరీక్షలో ఖాళీ కింద ‘సక్సెస్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ’ అని మూడూ వరసగా కనబడేసరికి పెన్ను ఆగిపోతుంది. ఎందుకంటారు?

నన్నడిగితే తప్పు మన తెలివిది కాదు, మన ‘గా’ది.

తెలుగులో అది దూరని చోటు లేదు. తెలంగాణలో ‘మంచిగున్నరా?’ అంటూ పలకరింపు మొదలయ్యేదే దానితో. ‘లక్ష్మి కోపంగా ఉంది’, ‘లక్ష్మి కోపంగా చూసింది’ అంటాం. రెండు చోట్లా ఒకే మాట, మనకే ఇబ్బందీ లేదు. ఇంగ్లీషులో అలా కుదరదు. లక్ష్మి ఎలా ఉందో చెబితే ‘యాంగ్రీ’, ఎలా చూసిందో చెబితే ‘యాంగ్రిలీ’. ఇంకా తమాషా ఏమిటంటే, అక్కడ ‘లుక్’ ఒక్కటే రెండు వేషాలూ వేస్తుంది. ‘షి లుక్డ్ యాంగ్రీ’ అంటే కోపంగా కనిపించిందని, ‘షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మి’ అంటే నా వైపు కోపంగా చూసిందని. మొదటిదైతే ఏం జరిగిందమ్మా అని అడగొచ్చు. రెండోదైతే మనమేం చేశామో గుర్తు చేసుకోవాలి.

అందుకే ‘గా’ పక్కన ఏ క్రియ ఉందో చూడండి. ఉండటం, కనిపించడం, అనిపించడం లాంటిదైతే అడ్జెక్టివ్. పులిహోర పుల్లగా ఉంటే ‘ఇట్ టేస్ట్స్ సవర్’, అంతే. చివర ‘లీ’ అక్కర్లేదు. పాడటం, నడవటం, రాయటం లాంటి పనైతే అడ్వర్బ్.

మనలో చాలామందికి ఈ పాఠాలు చెప్పింది ‘రెన్ అండ్ మార్టిన్’ పుస్తకమే కదా! అందులో రెన్ గారు 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసిన రచయిత కూడా. పాపం, అన్ని భాషల పిల్లలూ చదివే పుస్తకంలో మన ‘గా’ గొడవ ఆయనెక్కడ చెబుతాడు?

మనమేమో ఇంగ్లీషు మాటలకీ దాన్ని తగిలించేశాం. ‘ఫ్రీగా ఉన్నావా?’, ‘టెన్షన్‌గా ఉంది’. ఫ్రీ అడ్జెక్టివ్, టెన్షన్ నౌన్. ‘గా’ చేరాక రెండూ ఒకేలా వినబడతాయి. అక్కణ్ణుంచే ‘ఐ యామ్ ఫ్రీ’ లాగా ‘ఐ యామ్ టెన్షన్’ పుట్టుకొచ్చింది. ‘ఐ యామ్ టెన్స్’ అనాలి. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ కాన్ఫిడెన్స్’ అనేదీ ఇదే బాపతు. ‘కాన్ఫిడెంట్’ అనండి, లేదా ‘ఐ హావ్ కాన్ఫిడెన్స్’ అనండి. బోర్‌గా ఉందని ‘ఐ యామ్ బోరింగ్’ అన్నారనుకోండి, మీతో కూర్చుంటే విసుగని మీరే ఒప్పుకున్నట్టు!

ఇక నౌన్ల సంగతి. మనకి ఆకలేస్తుంది, భయమేస్తుంది, నిద్రొస్తుంది. ఆకలి, భయం, నిద్ర అన్నీ నామవాచకాలే, మనం పిలవకుండానే వచ్చి మీద పడతాయి. ఇంగ్లీషులో మాత్రం మనిషే ‘హంగ్రీ’, ‘అఫ్రెయిడ్’, ‘స్లీపీ’ అవుతాడు. మన నౌన్ అక్కడ అడ్జెక్టివ్‌గా మారుతుందన్నమాట. వాటిలోనూ ‘అఫ్రెయిడ్’కి ఒక పట్టింపుంది. ‘ద బాయ్ ఈజ్ అఫ్రెయిడ్’ సరే, ‘యాన్ అఫ్రెయిడ్ బాయ్’ కుదరదు, ‘ఫ్రైటెండ్ బాయ్’ అనాలి. ‘అస్లీప్’, ‘అలైవ్’ కూడా అంతే, నౌన్ ముందు నిలబడవు.

చివర ‘లీ’ ఉంటే చాలు అడ్వర్బ్ అనుకుని టిక్కు పెట్టేవాళ్ళకి ఒక మాట. ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’, ‘కౌవర్డ్లీ’ అడ్జెక్టివ్‌లు. ‘ఫాస్ట్’కి అసలు ‘లీ’యే లేదు. ‘హార్డ్’ సంగతి మరీ ప్రమాదం. ‘హి వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాడని. వ్యాకరణం పక్కాగా ఉండాలని ‘హి హార్డ్లీ వర్క్స్’ అని రాశారో, దాదాపు పనే చెయ్యడని అర్థం. సిఫారసు ఉత్తరాలు రాసే పెద్దలు ఈ ఒక్క ‘లీ’ దగ్గర కాస్త ఆగండి. మెచ్చుకోబోయి కుర్రాడి ఉద్యోగానికి ఎసరు పెట్టగలరు.