కత్తెర వేస్తే కంచె... వదిలేస్తే వాక్కాయ!

క్రిస్మస్ గ్రీటింగ్ కార్డుల మీద ముళ్ళ అంచుల పచ్చటి ఆకులు, వాటి నడుమ ఎర్రెర్రని పండ్లు కనిపిస్తుంటాయి చూడండి. ఆ మొక్క పేరు హాలీ. ఐరోపాలో ఇంటి చుట్టూ కంచెగా పెంచుతారు. చల్లటి చోట పెరిగిన ప్రాణం కదా, హైదరాబాద్ ఎండలు దానికి పడవు. పైగా మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కాసేది ఆడ మొక్కే. ఆ కాయలు చూడ్డానికి మాత్రమే, నోట్లో పెట్టుకుంటే వాంతులే!

అందాల హాలీ మనకు లేదని దిగులెందుకు? ఏడాది పొడవునా పచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో, వానాకాలంలో ఎర్రటి కాయలతో నిండిపోయే పొద మనకూ ఉంది. కాకపోతే అది కార్డు మీదికి ఎక్కలేదు, పప్పులోకి దిగింది. అదే వాక్కాయ. పాతబస్తీలో కరోందా అంటారు. కొన్నిచోట్ల కలివికాయ. అంతరించిపోయిందనుకుని, 1986లో కడప జిల్లాలో మళ్ళీ కంటపడిన కలివికోడి పేరులో ఉన్నదీ ఈ కలివే.

చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్ వైపు వెళ్తే జల్‌పల్లి. అక్కడ ఓ రిటైర్డ్ ఉద్యోగి రెండు గదుల ఇల్లు కట్టుకునేసరికి చేతిలో డబ్బులు అయిపోయాయి. ప్రహరీ ముందువైపు మాత్రమే లేచింది. వెనకంతా ఖాళీ, మేకలకు రహదారి. అప్పుడు ఆయన భార్య పుట్టింటి నుంచి పండిన వాక్కాయలు తెచ్చి, గింజలు తీసి ఆలస్యం చేయకుండా కవర్లలో నాటింది. ఈ గింజలు దాచిపెడితే మొలకెత్తే శక్తి తొందరగా పోతుంది మరి. మరుసటి వానలకు మొక్కల్ని మూడడుగుల దూరంలో వరసగా పెట్టింది. రాళ్ళ నేలైనా దీనికి పేచీ లేదు. వేరు దగ్గర నీళ్ళు నిలిస్తేనే గిట్టదు. మొదటి రెండు వేసవులూ బకెట్లతో నీళ్ళు మోసింది. ఆ తర్వాత ఆ కష్టం కూడా తప్పింది.

నాలుగేళ్ళకు మేకలు దారి మార్చుకున్నాయి. ఆయనకేమో కంచె అంటే బ్యాంకు ముందు గోడలా నున్నగా ఉండాలి! నెల తిరక్కుండా కత్తెర పట్టేవారు. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు గానీ, ఆరేళ్ళు దాటినా పప్పులోకి నాలుగు కాయలు రాలలేదు. వచ్చే చిక్కంతా అక్కడే. వాక్కాయ పూత కొమ్మల చివర్ల వస్తుంది. చిగురు కత్తిరిస్తే దాంతోపాటు పూత కూడా పోయినట్టే.

ఇంతలో దసరా సెలవులకొచ్చిన మనవడి బంతి పొదలో పడింది. తీయబోతే ముల్లు అరచేతిలో దిగింది. ఈ ముళ్ళు కణుపు కణుపుకూ జంటగా ఉంటాయి, గట్టిగానూ ఉంటాయి. పిల్లాడి ఏడుపు విని కొడుక్కి కోపమొచ్చింది. "నాన్నా, ఇది పీకించేయండి. గోడకు డబ్బులు నేనిస్తా" అన్నాడు. ఆయనకూ సబబే అనిపించింది. ఆవిడ మాత్రం, "వచ్చే వానాకాలం దాకా ఆగండి. కత్తెర ముట్టుకోకండి. అప్పటికీ కాయకపోతే మీ ఇష్టం" అంది.

కత్తెర అటకెక్కింది. పిల్లాడు ఆడుకునే వైపు కిందికి వాలిన కొమ్మలు మాత్రం తీసేశారు. పొద చింపిరి జుట్టులా పెరిగింది. పక్కింటివాళ్ళు అడిగితే ఆయన మొహం చాటేశారు. ఫిబ్రవరి దాటాక గుత్తులు గుత్తులుగా తెల్లటి పూలు, సన్నటి వాసన. వాక్కాయకు ఆడ, మగ పేచీ లేదు, రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. జులైకల్లా కాయలు ఒకవైపు తెల్లగా, ఒకవైపు గులాబీ రంగులో మెరిశాయి.

కోసేటప్పుడు తొడిమ దగ్గర తెల్లటి పాలు కారతాయి. గన్నేరు కుటుంబం కదా, ఆ జిగురు వేళ్ళకు అంటుకుంటే ఓ పట్టాన వదలదు. కాయల్ని చీల్చి, గింజ తీసి, ఉప్పు నీళ్ళలో వేస్తే సరి. కందిపప్పులో వేశాక చింతపండు అవసరమే లేదు. పచ్చడికి, పులిహోరకు కూడా అంతే. ఆదివారం బేకరీ కేకు మీది ఎర్రటి చెర్రీ చూపించి "ఇది కూడా చాలాసార్లు వాక్కాయేరా, పంచదార పాకంలో రంగు వేసి ఊరబెడతారు" అని నానమ్మ చెబితే మనవడు నమ్మలేదు. మర్నాడు తనే గిన్నె పట్టుకుని పొద దగ్గరికి వెళ్ళాడు, ఈసారి తాతయ్య చెయ్యి పట్టుకుని.

కొడుకు డబ్బులు పంపాడు. పిల్లాడు ఆడుకునే వైపు గోడ లేచింది. ఆ పక్క మూడు మొక్కలు పోయాయి. మిగిలిన వరస అలాగే ఉంది. ఇప్పుడు ఆయన కత్తెర ఏడాదికి ఒక్కసారే దిగుతుంది. కాయలన్నీ అయిపోయాక ఎండు కొమ్మలు, అడ్డం తిరిగినవి తీసేసి, మొదట్లో గంపెడు పశువుల ఎరువు వేసి, మళ్ళీ అటకెక్కిస్తారు.